ఉద్యోగంలో రీజనబుల్ అకామడేషన్ అడగడం ఎలా: మొదటి కాగితం నుంచి కమిషనర్ దాకా

"అడిగితే ఇస్తారా?", "అడిగితే ఉద్యోగానికే ఎసరు వస్తుందేమో?", "హెచ్‌ఆర్‌కి చెప్పాలా, మేనేజర్‌కి చెప్పాలా?" వైకల్యం ఉన్న ఉద్యోగుల నుంచీ వాళ్ల ఇంట్లోవాళ్ల నుంచీ ఈ ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. రీజనబుల్ అకామడేషన్ అంటే సహేతుక సర్దుబాటు: వైకల్యం ఉన్న ఉద్యోగి మిగతావాళ్లతో సమానంగా పనిచేయడానికి ఆఫీసులో చేయాల్సిన మార్పు. అందుకే దాన్ని అడిగే మొత్తం వరసను ఒకచోట పెడుతున్నా. ప్రధానంగా ఇది ఆంధ్ర, తెలంగాణల్లో పనిచేసేవాళ్ల కోసం రాసింది. చట్టం దేశమంతటికీ ఒకటే కాబట్టి బెంగళూరులోనో పుణెలోనో ఉన్నవాళ్లకూ పనికొస్తుంది.

అసలు సంగతి ముందే చెప్పేస్తా. చాలా అర్జీలు చట్టం లేక ఆగిపోవు. జబ్బు గురించి పేజీన్నర రాసి, ఆఫీసులో ఏం మారాలో ఒక్క లైను కూడా రాయకపోవడం వల్ల ఆగిపోతాయి. చదివిన అధికారికి జాలి కలుగుతుంది గానీ ఫైలు మీద ఏం రాయాలో తెలియదు. కింద చెప్పే ప్రతి అడుగూ ఆ ఒక్క లోపం రాకుండా చూడటానికే.

## 1. అడిగే ముందు మీ పనిని విడగొట్టి రాయండి

దీనికి ఒక వారం పెట్టండి. తొందరపడి ముందే మెయిల్ కొట్టేయకండి.

నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయండి: చేసే పని, ఎక్కడ ఆగుతోంది, ఏం మారితే సాగుతుంది. రోజూ సాయంత్రం ఆ రోజు ఇబ్బందిపడ్డ చోట్లు రాసుకోండి. మూడో గడిలో "సాయం కావాలి", "సహకరించాలి" లాంటి మాటలు రాయొద్దు. ఎవరైనా రేపు పొద్దున్నే చేసి చూపించగలిగిన పని మాత్రమే అక్కడ ఉండాలి.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. చూపు లేని ఒక ఉద్యోగి స్క్రీన్ రీడర్‌తో (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) పనిచేస్తారు. పై ఆఫీసు నుంచి సర్క్యులర్ వస్తుంది. దాన్ని ముందు కంప్యూటర్లోనే టైప్ చేస్తారు, తర్వాత ప్రింట్ తీస్తారు, సంతకం పెట్టి స్టాంపు వేస్తారు, మళ్లీ స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పంపుతారు. పక్క సీటు ఆయనకి అందులో అక్షరాలు కనిపిస్తాయి. స్క్రీన్ రీడర్‌కి మాత్రం అది ఒక ఫోటో, అందులో చదవడానికి దానికి ఏమీ దొరకదు. దాంతో ఈ ఉద్యోగి ప్రతిసారీ ఎవరో ఒకర్ని బతిమాలి చదివించుకోవాలి, వాళ్ల పని అయ్యేదాకా ఆగాలి, ఆలస్యమైతే మాట పడాలి.

ఇక్కడ మూడో గడిలో రాయాల్సింది ఇది: "సంతకం పెట్టిన స్కాన్ కాపీతో పాటు, సంతకానికి ముందున్న టైప్ చేసిన ఫైలును కూడా అదే మెయిల్‌కి జతచేయాలి." రూపాయి ఖర్చు లేదు, చేయాల్సినవాళ్లకి అరనిమిషం పని. ఇంత నిర్దిష్టంగా రాస్తే కాదనడం చాలా కష్టం.

ఇంకొన్ని:

- వినికిడి లోపం: టీమ్ కాల్స్‌లో లైవ్ క్యాప్షన్లు ఆన్‌లో ఉంచడం, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటం, నిర్ణయాలను కాల్ అయ్యాక చాట్‌లో రాయడం. తెలుగూ ఇంగ్లిషూ కలిపి మాట్లాడే మీటింగుల్లో క్యాప్షన్లు బాగా తడబడతాయి కాబట్టి ఆ మూడోది తప్పనిసరిగా అడగండి.
- కాలిపర్స్, క్రచెస్: కింది అంతస్తులో సీటు, లిఫ్టు పనిచేయని రోజు ఏం చేయాలో ముందే ఒప్పందం, బయోమెట్రిక్ మెషిన్‌ని మెట్ల పైనుంచి కిందికి దించడం.
- బైపోలార్ లాంటి మానసిక అనారోగ్యం: తిరిగే నైట్ షిఫ్టుల బదులు స్థిరమైన పగటి షిఫ్టు. నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉందని డాక్టరు రాసివ్వగలరు.
- డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది): నోటి మాటగా చెప్పే సూచనలను పాయింట్లుగా రాసివ్వడం, పెద్ద డాక్యుమెంట్లకు కొంచెం అదనపు సమయం.
- వీల్‌చైర్: కొలతలు. ఇది విడిగా చెప్పాలి.

వీల్‌చైర్ వాడేవాళ్లు టేపు పట్టుకోండి. కుర్చీ మొత్తం వెడల్పు, కూర్చున్నప్పుడు నేల నుంచి మోకాలి ఎత్తు, ఆఫీసు టేబుల్ కింద ఖాళీ, బాత్రూమ్ తలుపు వెడల్పు, ఇవన్నీ రాసుకోండి. తలుపు తెరిచాక కనీసం 900 మిల్లీమీటర్ల దారి ఉండాలి. ర్యాంపు వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదు, అంటే ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే 12 అడుగుల పొడవు ర్యాంపు కావాలి. రెండు మెట్ల మీద చెక్కపలక వాల్చి "ర్యాంపు వేశాం" అనే చోట్లు ఎన్నో ఉన్నాయి. అది ర్యాంపు కాదు, ప్రమాదం. అందుకే అంకెతో సహా అడగాలి.

ఉచితంగా దొరికేవి ఏవో ముందే తెలుసుకోండి. ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌కి డబ్బు కట్టక్కర్లేదు, తెలుగు కూడా చదువుతుంది. విండోస్‌లో నేరేటర్ (చదివి వినిపించేది), మాగ్నిఫయర్ (పెద్దది చేసి చూపించేది) ముందే ఉంటాయి. జాస్ అనే స్క్రీన్ రీడర్ అయితే లైసెన్సు కొనాలి. కొత్త సాఫ్ట్‌వేర్ పేరు రాసేటప్పుడు, ఉచితమైనది మీ పనికి ఎందుకు సరిపోదో ఒక లైను రాస్తే సగం ప్రశ్నలు రావు.

## 2. మీకు ఏ నిబంధన వర్తిస్తుందో చూసుకోండి

వికలాంగుల హక్కుల చట్టం, 2016. ఇది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. మొత్తం కంఠతా పట్టక్కర్లేదు, ఇవి చాలు:

- సెక్షన్ 2(హెచ్): సహేతుక సర్దుబాటు నిరాకరించడం కూడా వివక్షే.
- సెక్షన్ 2(వై): సర్దుబాటు అంటే ఏమిటో చెబుతుంది. సంస్థ మీద మోయలేని భారం పడనంత వరకు, మిగతావాళ్లతో సమానంగా హక్కులు అనుభవించడానికి కావలసిన మార్పులు.
- సెక్షన్ 20: ప్రభుత్వ సంస్థలు తమ ఉద్యోగులకు ఈ సర్దుబాట్లు ఇచ్చి తీరాలి. వైకల్యం ఒక్కటే కారణంగా ప్రమోషన్ ఆపకూడదు.
- సెక్షన్ 21: ప్రభుత్వమైనా ప్రైవేటైనా ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. 20 మందీ, అంతకంటే ఎక్కువ మందీ ఉన్న ప్రైవేటు సంస్థ అయితే అందులో సహాయ పరికరాలు, ప్రత్యేక సెలవు, బదిలీల్లో ప్రాధాన్యం, వైకల్యం ఉన్న ఉద్యోగుల విషయాలు చూసే లైజన్ ఆఫీసర్ లాంటి వివరాలు కూడా ఉండాలి.
- ఈ చట్టం కింద వచ్చిన 2017 నియమాల్లో 3వ నియమం: సర్దుబాటుకయ్యే ఖర్చును పూర్తిగా గానీ కొంత గానీ ఉద్యోగి నెత్తిన వేయకూడదు.

చివరిది చాలామందికి తెలియదు. "సాఫ్ట్‌వేర్ మీరు కొనుక్కోండి, మేం వాడుకోనిస్తాం" అనడం ఉదారత కాదు, నియమానికి విరుద్ధం. చట్టంలో సంస్థ అన్న మాటకి ప్రైవేటు సంస్థ కూడా అని అర్థం ఉంది కాబట్టి ఇది కంపెనీలకూ వర్తిస్తుంది.

ఒక నిజం దాచకుండా చెప్పాలి. సెక్షన్ 20 సూటిగా ప్రభుత్వ సంస్థల గురించే మాట్లాడుతుంది. ప్రైవేటులో ఉన్నవాళ్లకి అంత గట్టి పట్టు లేదు. అక్కడ మీ చేతిలో ఉన్న బలమైన కాగితం కంపెనీ స్వయంగా ప్రకటించిన సమాన అవకాశాల విధానమే. అర్జీ రాసే ముందే దాన్ని కంపెనీ వెబ్‌సైట్‌లో వెతకండి, లేకపోతే హెచ్‌ఆర్‌ని అడగండి. వాళ్ల వాక్యాలనే వాళ్లకి చూపించడం కంటే మంచి వాదన లేదు.

40 శాతం లేకపోతే? ఇది అందరూ తడబడే చోటు. 4 శాతం ఉద్యోగ రిజర్వేషన్‌కి 40 శాతం వైకల్యం ఉండాలి. సర్దుబాటు అడగడానికి ఆ షరతు లేదు. వికాశ్ కుమార్ వర్సెస్ యూపీఎస్సీ కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ రెండింటినీ కలపకూడదని స్పష్టంగా చెప్పింది. దీర్ఘకాలిక లోపం ఉంటే చాలు. కాలు విరిగి రెండు నెలల్లో మానేదైతే మాత్రం ఈ చట్టం కిందికి రాదు. దాన్ని మామూలు సెలవులు, మేనేజర్ సహకారంతో నెట్టుకురావాలి.

ఉద్యోగంలో చేరాక వైకల్యం వస్తే? ప్రభుత్వ సంస్థ అయితే సెక్షన్ 20(4) మీ రక్ష. తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పోస్టు చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి. అదీ లేకపోతే తగిన పోస్టు దొరికేదాకా లేదా రిటైరయ్యేదాకా అదనపు పోస్టులో ఉంచాలి. ప్రభుత్వ కంపెనీలు, కార్పొరేషన్లు, ఎయిడెడ్ కాలేజీలు కూడా ఇందులోకి వస్తాయి. అందుకే ప్రమాదం జరిగిన కొత్తలో, ఇంట్లో అంతా ఆందోళనలో ఉన్నప్పుడు, "స్వచ్ఛందంగా తప్పుకుంటున్నాను" అన్న కాగితం ఎవరు తెచ్చినా సంతకం పెట్టకండి. రంగులు గుర్తించలేరని అన్‌ఫిట్ చేసి పంపేసిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు విషయంలో, వేరే పోస్టు కోసం సంస్థ నిజంగా వెతికిందా లేదా అన్నది 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు గట్టిగా పట్టించుకుని, తగిన పోస్టు ఇవ్వమని ఆదేశించింది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి: అక్కడ వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల కోసం ఉన్న 1990 నాటి ఏడీఏ చట్టం 15 మందికి తగ్గని సంస్థలకు వర్తిస్తుంది, వీసా మీద ఉన్నా రక్షణ ఉంటుంది, ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ఈఈఓసీకి ఫిర్యాదు గడువు రాష్ట్రాన్ని బట్టి 180 లేదా 300 రోజులు. బ్రిటన్‌లో అయితే 2010 నాటి ఈక్వాలిటీ యాక్ట్. అడిగే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఇంచుమించు ఇదే.

## 3. కాగితాలు సిద్ధం చేసుకోండి

సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ గానీ యూడీఐడీ (వైకల్యం ఉన్నవాళ్ల గుర్తింపు) కార్డు గానీ ఉంటే నకలు తీసుకోండి. లేకపోతే ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీకి దరఖాస్తు పెట్టి ఆ రసీదు దగ్గర ఉంచుకోండి. 2024 అక్టోబరులో మారిన నియమాల ప్రకారం కార్డులకు రంగులున్నాయి: 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. కార్డు వచ్చేదాకా అడగడం ఆపక్కర్లేదు. డాక్టరు ఉత్తరంతో మొదలుపెట్టొచ్చు.

ఆ డాక్టరు ఉత్తరమే అన్నిటికంటే ముఖ్యం, కానీ ఎక్కువమంది దాన్నే నిర్లక్ష్యం చేస్తారు. "ఈయన ఫలానా వ్యాధితో బాధపడుతున్నారు, తగిన సహాయం చేయగలరు" అని ఒక లైను రాయించుకుని వచ్చేస్తారు. దాంతో ఏ పనీ కాదు. మీ మూడు గళ్ల కాగితం డాక్టరుకి చూపించి, ఈ నాలుగు వచ్చేలా రాయించుకోండి:

- ఇది దీర్ఘకాలికమైనదని
- పనిలో ఏది కష్టమవుతుంది (ఉదాహరణకు గంటకు మించి నిలబడటం, రాత్రి పని, చిన్న అక్షరాలు చదవడం)
- ఏ మార్పు ఉంటే పని చేయగలరు
- ఆ మార్పుతో ఉద్యోగ బాధ్యతలు నిర్వర్తించగలరని

నాలుగోది మర్చిపోతే మీ ఉత్తరమే మీకు ఎదురు తిరుగుతుంది. "చేయలేరు" అని మాత్రమే ఉన్న కాగితాన్ని అన్‌ఫిట్ అనడానికి వాడుకునే ప్రమాదముంది.

కేస్ షీట్లు, స్కానింగులు, మందుల చీటీలు ఇవ్వొద్దు. హెచ్‌ఆర్‌కి మీ మందుల పేర్లతో పనిలేదు. మానసిక అనారోగ్యం విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ తీసుకోండి. ఒకసారి మెయిల్‌లో వెళ్లింది ఎన్ని చేతులు మారుతుందో మీ చేతిలో ఉండదు.

## 4. ఎవరికి, ఎప్పుడు

ప్రైవేటులో: హెచ్‌ఆర్‌కి లేదా లైజన్ ఆఫీసర్‌కి అర్జీ, మేనేజర్‌కి కాపీ. మేనేజర్ మంచివారైతే ముందు ఒకసారి నోటితో చెప్పండి, మెయిల్ చూసి ఉలిక్కిపడకుండా. కానీ నోటి మాట దగ్గర ఆగిపోవద్దు. ఆయన రేపు వేరే టీమ్‌కి వెళ్లిపోతే మీ ఒప్పందం కూడా ఆయనతో పాటే వెళ్లిపోతుంది.

ప్రభుత్వంలో: ఆఫీసు అధిపతికి, త్రూ ప్రాపర్ ఛానల్, అంటే మీ పై అధికారి ద్వారా. తపాలు సెక్షన్‌లో ఇచ్చి మీ కాపీ మీద స్టాంపు, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. టేబుల్ మీద పెట్టి వచ్చిన కాగితం ఇవ్వని కాగితంతో సమానం.

అవుట్‌సోర్సింగ్, కాంట్రాక్టు వాళ్లు: జీతమిచ్చే ఏజెన్సీకీ, మీరు పనిచేసే ఆఫీసుకీ ఇద్దరికీ ఇవ్వండి. లేకపోతే ఒకరు రెండోవారి వైపు చూపిస్తూ కాలం గడుపుతారు.

ఇక సమయం. పరీక్షకో ఇంటర్వ్యూకో మార్పు అవసరమైతే దాని ముందే అడగాలి. మిగతావి ఆఫర్ లెటర్ చేతికొచ్చాక, చేరే ముందు అడగడం నా సలహా. ఇప్పటికే ఉద్యోగంలో ఉంటే, ఇబ్బంది మొదలైన వెంటనే. పనితీరు బాగాలేదని నోటీసు వచ్చాక అడిగితే, న్యాయమైన అవసరం కూడా సాకులా కనిపిస్తుంది. "ఎలాగోలా నెట్టుకొద్దాం" అని నెలల తరబడి ఓర్చుకునేవాళ్లే ఇందులో ఎక్కువ నష్టపోతున్నారు.

## 5. అర్జీ రాయడం

మనకి బళ్లో నేర్పిన అర్జీ భాష ఒకటుంది: "తమరు దయతలచి", "నా యందు కరుణించి". ఇక్కడ అది వద్దు. మర్యాద వేరు, దేబిరించడం వేరు. దయ అని మీరే రాస్తే, ఫైలులో అది మానవతా దృక్పథంతో పరిశీలించాల్సిన విషయంగా మారుతుంది, అంటే ఇచ్చినా ఇవ్వకపోయినా వాళ్ల ఇష్టం. హక్కుగా అడిగినదానికి కారణం చెప్పకుండా కాదనడం అంత సులభం కాదు.

నమూనా:

> విషయం: పనిలో సహేతుక సర్దుబాట్ల కోసం వినతి – వికలాంగుల హక్కుల చట్టం, 2016
>
> గౌరవనీయులైన హెచ్‌ఆర్ మేనేజర్ గారికి,
>
> నేను అకౌంట్స్ విభాగంలో ఎగ్జిక్యూటివ్‌గా పనిచేస్తున్నాను. నాకు వినికిడి లోపం ఉంది. యూడీఐడీ కార్డు నకలు, డాక్టరు ఉత్తరం జతచేశాను.
>
> నా పనిలో రోజూ ఉదయం టీమ్ కాల్, వెండార్లతో ఫోన్ సంభాషణలు ఉంటాయి. కాల్‌లో పలువురు ఒకేసారి మాట్లాడినప్పుడు నాకు అప్పగించిన పని ఏమిటో అందడం లేదు. ఫోన్లో బిల్లు నంబర్లు, మొత్తాలు పొరపాటుగా వినే ప్రమాదం ఉంది.
>
> ఈ కింది మార్పులు కోరుతున్నాను:
> 1. టీమ్ కాల్‌లో లైవ్ క్యాప్షన్లు ఆన్ చేయడం; నిర్ణయాలను అదే రోజు చాట్‌లో రాయడం.
> 2. వెండార్లతో సంప్రదింపులు మెయిల్ ద్వారా జరిపే వీలు; ఫోన్ తప్పనిసరైన చోట సహోద్యోగి సహకారం.
> 3. ఎదుటివారి ముఖం కనిపించేలా, తలుపుకి ఎదురుగా సీటు.
>
> ఈ మార్పులతో నా బాధ్యతలన్నీ పూర్తిగా నిర్వర్తించగలను. వీటికి బదులు అదే ప్రయోజనం ఇచ్చే వేరే మార్గం ఉంటే చర్చించడానికి సిద్ధం. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు. నా వైద్య వివరాలు ఈ వినతిని పరిశీలించేవారికి మాత్రమే పరిమితం చేయాలని కోరుతున్నాను.

ఒక పేజీ దాటొద్దు. ప్రైవేటులో అయితే మీ కంపెనీ విధానంలోని వాక్యాన్ని ఉటంకించండి. 15 రోజులన్నది చట్టంలోని గడువు కాదు, మీరు పెట్టుకున్నది. కానీ తేదీ లేని అర్జీకి గుర్తుచేయడానికి కూడా ఆధారం ఉండదు.

పంపే ముందు చూసుకోండి:

- [ ] జబ్బు గురించి రెండు లైన్లకు మించలేదు
- [ ] ప్రతి కోరికకూ ఒక పని ముడిపడి ఉంది
- [ ] "పని చేయగలను" అన్న వాక్యం ఉంది
- [ ] జతచేసినవాటి జాబితా ఉంది
- [ ] వ్యక్తిగత మెయిల్‌కి ఒక కాపీ వెళ్లింది

చివరిది ఎందుకంటే, ఉద్యోగం పోయిన రోజే ఆఫీసు మెయిల్ కూడా మూసుకుపోతుంది. మీ అర్జీ, దానికొచ్చిన జవాబులు మాత్రమే పంపుకోండి. కంపెనీ ఫైళ్లు కలపొద్దు.

## 6. మాట్లాడటానికి పిలిస్తే

పిలవడం మంచి సూచన. టెన్షన్ పడకుండా మూడు గళ్ల కాగితం పట్టుకెళ్లండి. మీ కోరికల్లో ఏది లేకపోతే అసలు పని సాగదు, ఏది ఉంటే సుఖం అన్నది ముందే మీలో మీరు తేల్చుకోండి. అన్నిటికీ ఒకేలా పట్టుబడితే ముఖ్యమైనది కూడా బేరంలో పోతుంది.

వాళ్లు వెనకాడుతుంటే "ఒక నెల చేసి చూద్దాం, పని లెక్క చూసి నిర్ణయిద్దాం" అనండి. అధికారులకి శాశ్వతం అంటే భయం, ట్రయల్ అంటే ఒప్పుకుంటారు. బయటికొచ్చాక ఆ రోజే ఒక మెయిల్: "ఇవాళ మాట్లాడుకున్న ప్రకారం ఇవీ ఇవీ, ఫలానా తేదీ నుంచి. నేను పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే చెప్పగలరు." మినిట్స్ ఎవరో రాస్తారని కూర్చోవద్దు.

తరచూ వినిపించే మాటలు, వాటికి జవాబులు:

"మీకిస్తే అందరూ అడుగుతారు." చట్టం ఒక్కొక్కరి అవసరాన్నీ విడిగా చూడమంటోంది. ఇంకొకరికి నిజంగా అవసరమైతే వాళ్లూ అడగాల్సిందే.

"బడ్జెట్ లేదు." అయితే ఎంత ఖర్చవుతుందని లెక్క వేశారో రాసివ్వమనండి. మోయలేని భారం అని చెప్పేవాళ్లే దాన్ని చూపించాలి. ఈలోగా ఖర్చులేనివి మొదలుపెట్టమనండి.

"చూస్తే బాగానే ఉన్నారు కదా." కంటికి కనిపించని వైకల్యం ఉన్నవాళ్లని బాగా బాధపెట్టే మాట ఇది. అక్కడ మీ కథంతా విప్పక్కర్లేదు. "డాక్టరు గారి ఉత్తరం మీ దగ్గరుంది, అందులోని రెండో పేరా చూడండి" అని పనిలోకి రండి.

"సెక్యూరిటీవాళ్లు ఆ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోరు." ఐటీ కంపెనీల్లో ఇది సాధారణం. ఏ పాలసీ ప్రకారం, ఎక్సెప్షన్ రిక్వెస్ట్ ఎవరు వేయాలి, ఎవరు ఆమోదించాలి అని అడగండి. ఆ టికెట్ నంబరు వచ్చేదాకా కదలకండి.

"పోనీ ఆ పని వేరేవాళ్లకి ఇచ్చేస్తాంలే, మీరు కష్టపడకండి." నన్నడిగితే అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది దీనితోనే. ప్రేమగానే అంటారు. కానీ ముందు ఒక పని పోతుంది, తర్వాత క్లయింట్ కాల్స్ పోతాయి, అప్రైజల్ నాటికి "ఈయన చేసిందేముంది" అన్న ప్రశ్న మిగులుతుంది. నాకు పని తగ్గించొద్దు, పని చేసే దారి మార్చండి అని స్పష్టంగా చెప్పండి. ఆ పని నిజంగానే చేయలేనిదైతే, దాని బదులు ఏ బాధ్యత ఇస్తున్నారో, అప్రైజల్‌లో దేన్ని లెక్కిస్తారో రాయించుకోండి.

## 7. ఒప్పుకున్నాక

ఆర్డరు వచ్చింది కదా అని ఊరుకోవద్దు. చట్టంలోని సెక్షన్ 22 ప్రకారం ప్రతి సంస్థా వైకల్యం ఉన్న ఉద్యోగుల, వాళ్లకిచ్చిన సౌకర్యాల రికార్డు ఉంచాలి. మీ సర్దుబాట్లు అందులో ఎక్కించారా అని అడగండి.

నెల తర్వాత ఒకసారి కూర్చుని ఏది పనిచేసింది, ఏది లేదు అని రాయండి. పనికిరానిదాన్ని మీరే చెప్పి మార్పించుకుంటే మిగతావాటి మీద నమ్మకం పెరుగుతుంది.

మూడు సందర్భాల్లో సర్దుబాట్లు చెదిరిపోతాయి:

- మేనేజర్ మారినప్పుడు. ఒక పేజీ నోటు, పాత ఆమోదం మెయిల్ కలిపి మొదటి వారంలోనే ఇవ్వండి.
- బదిలీ అయినప్పుడు లేదా ఆఫీసు వేరే బిల్డింగ్‌కి మారినప్పుడు. వెళ్లే ముందే అక్కడి లిఫ్టు, బాత్రూమ్, పార్కింగ్ సంగతి రాతపూర్వకంగా కనుక్కోండి.
- సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు. నిన్నటిదాకా చక్కగా చదివిన లీవ్ పోర్టల్, కొత్త డిజైన్‌లో బటన్లకు పేర్లు లేకపోవడంతో స్క్రీన్ రీడర్‌లో "బటన్, బటన్, బటన్" అని మాత్రమే వినిపిస్తుంది. టెస్టింగ్ దశలోనే మిమ్మల్ని కలుపుకోమని ముందే అడగండి.

ఇంకొకటి ఎవరూ అడగనిది: ఫైర్ డ్రిల్. అలారం మోగితే లిఫ్టు వాడకూడదు. నాలుగో అంతస్తులో వీల్‌చైర్‌లో ఉన్న మనిషిని ఎవరు, ఎలా దించుతారు? వినిపించని ఉద్యోగికి అలారం సంగతి ఎవరు చెబుతారు? పేర్లతో సహా రాసి ఉండాలి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే వైకల్యానికి సంబంధించిన అవసరాల కోసం ఏడాదికి 4 రోజుల ప్రత్యేక క్యాజువల్ లీవు ఉంది, వాడుకోండి.

## 8. జవాబు రాకపోతే, కాదంటే

గడువు దాటిన మర్నాడే పాత మెయిల్ మీదే రిమైండర్ పంపండి. కొత్త మెయిల్ మొదలుపెట్టొద్దు, తేదీల గొలుసు తెగిపోతుంది. నోటితో కాదన్నారా? "ఫలానా తేదీన ఫలానా కారణంతో వీలుకాదన్నారు, రాతపూర్వకంగా ఇవ్వగలరు" అని రాయండి. కారణం కాగితం మీద పెట్టాల్సి వచ్చినప్పుడు చాలా నిరాకరణలు మెత్తబడతాయి.

ప్రభుత్వంలో ఉంటే: సెక్షన్ 23 ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థకీ ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. ఫిర్యాదును రిజిస్టర్‌లో నమోదు చేసి రెండు వారాల్లో విచారించాలి. తృప్తి లేకపోతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు. ఆ అధికారి ఎవరో మీ ఆఫీసులో ఎవరికీ తెలియకపోతే 10 రూపాయల ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి: అధికారి పేరు, సమాన అవకాశాల విధానం కాపీ, సెక్షన్ 22 రికార్డులో మీ వివరాలు. ఆ దరఖాస్తు వెళ్లాకే అధికారిని నియమించే ఆఫీసులుంటాయి.

ప్రైవేటులో ఉంటే: సంస్థ అధిపతికి వివక్ష ఫిర్యాదు అని స్పష్టంగా రాసి పంపండి. 3వ నియమం ప్రకారం ఆయన చర్య తీసుకోవాలి, లేదా ఆ నిర్ణయం ఎందుకు సబబో మీకు రాతపూర్వకంగా చెప్పాలి.

తర్వాత కమిషనర్: రాష్ట్ర ప్రభుత్వ, ప్రైవేటు ఉద్యోగులు తమ రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి, కేంద్ర ప్రభుత్వ సంస్థలు, రైల్వే, ప్రభుత్వ రంగ బ్యాంకుల ఉద్యోగులు ఢిల్లీలోని చీఫ్ కమిషనర్‌కి. పిలిపించడానికీ రికార్డులు తెప్పించడానికీ వీళ్లకి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. వీళ్లిచ్చేది సిఫార్సే అయినా, సంస్థ 3 నెలల్లోగా అమలు చేసి తెలపాలి, ఒప్పుకోకపోతే కారణాలు చెప్పాలి. ఆ కారణాలు రేపు హైకోర్టుకి వెళ్లాల్సి వస్తే మీకే ఆధారం. చట్టాన్ని ఉల్లంఘిస్తే సెక్షన్ 89 కింద మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది.

కమిషనర్‌కి పంపే ఫిర్యాదులో:

- [ ] రెండు పేజీల్లో జరిగింది, తేదీల వరసలో
- [ ] మొదటి అర్జీ, స్టాంపు ఉన్న కాపీ లేదా మెయిల్ ప్రింట్
- [ ] రిమైండర్లు, వచ్చిన జవాబులు, రాని జవాబుల తేదీలు
- [ ] సర్టిఫికెట్, డాక్టరు ఉత్తరం
- [ ] సంస్థ విధానం కాపీ, లేదా అడిగినా ఇవ్వలేదన్న రుజువు
- [ ] ఏ ఆదేశం కావాలో అంకెలు వేసి, మొదటి అర్జీలోని మాటల్లోనే

ఆఖరి దాంట్లో కొత్త కోరికలు కలపొద్దు. సంస్థను ఎప్పుడూ అడగని దాన్ని కమిషనర్ ముందు అడిగితే, "మాకు చెప్పనేలేదు" అనే అవకాశం మీరే వాళ్ల చేతికిచ్చినట్టవుతుంది. కొత్తది అవసరమైతే ముందు సంస్థకి ఇంకో అర్జీ పెట్టండి. ఫిర్యాదును మెయిల్ చేయడంతో పాటు స్పీడ్ పోస్టులోనూ పంపి రసీదు ఫైలులో పెట్టుకోండి, విచారణ తేదీ వచ్చిన రోజు వినికిడి లోపమున్నవాళ్లు సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ కావాలని, కదల్లేనివాళ్లు వీడియోలో హాజరవుతామని వెంటనే రాయండి. విచారణకు కావలసిన సర్దుబాటును కూడా ముందుగానే, రాతపూర్వకంగానే అడగాలి.